స్కార్మరీ: పోటీ పోరులో ఉక్కుపక్షి వ్యూహ చరిత్ర

స్కార్మరీ పోకెమాన్ వీడియో గేముల్లోని ఉక్కుపక్షి. జాతీయ పోకెడెక్స్‌లో దీని సంఖ్య 227. స్టీల్, ఫ్లయింగ్ టైపులు రెండూ కలిసిన ఈ జీవి 1999 నవంబర్ 21న జపాన్‌లో విడుదలైన రెండో తరం ఆటలైన పోకెమాన్ గోల్డ్, సిల్వర్‌లతో పరిచయమైంది. దాని దాడి ఓ మోస్తరు, వేగం అంతంతమాత్రం. అయినా ఇద్దరు ఆటగాళ్లు ఆరేసి పోకెమాన్లతో తలపడే సింగిల్స్ పోటీల్లో రక్షణ వ్యూహం అనగానే ఇరవై ఏళ్లకు పైగా ముందుగా గుర్తుకొచ్చే పేరు ఇదే. ప్రత్యర్థి వేసే ప్రతి అడుగుకూ సుంకం వసూలు చేసి, చివరికి అతడి చేతిలో ఏమీ మిగలకుండా చేయడం స్కార్మరీ పద్ధతి. తరం మారినప్పుడల్లా ఆట నియమాలు మారాయి, ఆ పద్ధతికి కొత్త గండాలు వచ్చాయి. వాటిని అది ఎలా దాటిందన్నదే ఈ వ్యాస విషయం.

రూపకల్పన, ప్రాథమిక లక్షణాలు

దీని జపనీస్ పేరు ఎయాముడో. గాలి, ఆయుధధారణ అనే అర్థాలున్న ఇంగ్లిష్ మాటల కలయిక అది. ఎత్తు 1.7 మీటర్లు, బరువు 50.5 కిలోలు. పోకెడెక్స్ వర్ణన ప్రకారం ఇది ముళ్లపొదల్లో గూడు కడుతుంది. ముళ్లు గీరుకుని గీరుకుని పిల్లల రెక్కలు ఉక్కులా గట్టిపడతాయి. రాలిన ఈకలతో పూర్వం మనుషులు కత్తులు చేసుకునేవారట. ముళ్ల మధ్య పుట్టిన ఈ పక్షి తర్వాతి రోజుల్లో పోటీల్లో ముళ్లు పరిచే విద్యతోనే పేరు తెచ్చుకుంది.

దాని మూల గణాంకాలు ఇవి: హెచ్‌పీ 65, అటాక్ 80, డిఫెన్స్ 140, స్పెషల్ అటాక్ 40, స్పెషల్ డిఫెన్స్ 70, స్పీడ్ 70. మొత్తం 465. ఇందులో మెరిసేది డిఫెన్స్ ఒక్కటే. కానీ దాన్ని టైపుల కలయికతో కలిపి చూడాలి. స్టీల్‌కు ఫైర్, ఫైటింగ్, గ్రౌండ్ దాడులు గట్టిగా తగులుతాయి. ఫ్లయింగ్ తోడైతే గ్రౌండ్ దాడులు అసలు తగలవు, ఫైటింగ్ దాడులు మామూలుగానే తగులుతాయి. విషం ఎక్కదు. రెండో తరంలో ఉన్న 17 టైపుల్లో స్కార్మరీ తొమ్మిదింటిని సగానికో, పావుకో తగ్గించేది, రెండింటిని పూర్తిగా తోసిపుచ్చేది. దాని బలహీనతలు రెండే: నిప్పు, కరెంటు.

రెండో తరం: స్నార్లాక్స్‌కు అడ్డుకట్ట

స్టీల్, డార్క్ టైపులు రెండూ రెండో తరంలోనే పుట్టాయి. మొదటి తరంలో సైకిక్ టైపుకు ఎదురే లేకపోవడంతో ఆట తూకం తప్పింది. ఆ తూకం సరిచేయడంలో ఈ కొత్త టైపులు పెద్ద పాత్ర పోషించాయి.

కొత్త తూకంలో రాజ్యమేలింది నార్మల్ టైపు పోకెమాన్ స్నార్లాక్స్. పూర్తి స్థాయిలో దాని హెచ్‌పీ 523. కర్స్ అనే మూవ్‌తో వేగం తగ్గించుకుంటూ దాడినీ రక్షణనూ పెంచుకుంటూ పోతే దాన్ని ఆపడం కష్టం. ఆ పని చేయగలిగిన కొద్ది పోకెమాన్లలో స్కార్మరీ ఒకటి. నార్మల్ టైపు దెబ్బలు దానికి సగమే తగులుతాయి. పైగా గుడ్డు ద్వారా వారసత్వంగా పొందే వర్ల్‌విండ్ మూవ్ దాని దగ్గరుంది. సుడిగాలి వీచి ఎదుటి పోకెమాన్‌ను బలవంతంగా వెనక్కి పంపిస్తే, అది అప్పటిదాకా పెంచుకున్న బలమంతా పోతుంది. ఓపిగ్గా నాలుగైదు వంతుల (టర్న్‌ల) పాటు పోగేసుకున్నది ఒక్క ఊపుతో ఎగిరిపోతుందన్న మాట.

ఇంకో అనుకూలత ఆట నిర్మాణంలోనే ఉంది. మూడో తరం వరకు ఒక దాడి ఫిజికలా, స్పెషలా అన్నది దాని టైపును బట్టే తేలేది. నిప్పు, కరెంటు దాడులన్నీ స్పెషల్ కిందికే వచ్చేవి. అంటే కండబలంతో కొట్టే పోకెమాన్‌కు స్కార్మరీ బలహీనతను తాకే దారే లేదు. అందుకే స్నార్లాక్స్ ఆటగాళ్లు కొందరు కండబలం పక్కన పెట్టి దానికి ఫైర్ బ్లాస్ట్ నేర్పించారు. జాప్‌డాస్, రైకో వంటి కరెంటు జీవులు ఎదురైతే మాత్రం స్కార్మరీ వెంటనే తప్పుకోవాల్సిందే.

మూడో తరం: ముళ్ల పరుపు, స్కార్మ్‌బ్లిస్

2002 నవంబర్‌లో వచ్చిన రూబీ, సఫైర్ ఆటల్లో అగ్నిపర్వతపు బూడిద కురిసే 113వ దారిలో స్కార్మరీ దొరుకుతుంది. ఆ ఆటలు జరిగే హోయెన్ ప్రాంతపు ఛాంపియన్ స్టీవెన్ జట్టులోనూ ఉంటుంది. ఈ తరంలోనే దానికి స్పైక్స్ మూవ్ వచ్చింది. రెండో తరంలో ముళ్లు ఒక్క వరుసే పరచగలిగేవారు. ఇప్పుడు మూడు వరుసల వరకు పరచవచ్చు. ఎగరలేని పోకెమాన్ రంగంలోకి అడుగుపెట్టగానే, ఒక వరుస ఉంటే హెచ్‌పీలో ఎనిమిదో వంతు, రెండుంటే ఆరో వంతు, మూడుంటే నాలుగో వంతు పోతుంది.

దీని ప్రభావం లెక్కలో చూస్తే బాగా తెలుస్తుంది. హెచ్‌పీ పూర్తిగా పెంచిన స్వాంపర్ట్‌కు 404 పాయింట్లు ఉంటాయి. మూడు వరుసల ముళ్ల మీద కాలు పెట్టిన ప్రతిసారీ 101 పోతాయి. ఏ వైద్యమూ అందకపోతే నాలుగు అడుగులతో, ఒక్క దెబ్బైనా కొట్టకుండానే అది పడిపోతుంది. వర్ల్‌విండ్ కూడా తోడైతే ఆ అడుగులు ప్రత్యర్థి ఇష్టంతో పడేవి కావు, స్కార్మరీ వేయించేవి. ముళ్లు పరిచేదీ అదే, వాటి మీదికి తోసేదీ అదే.

మూడు వరుసలు పరచడానికి మూడు వంతులు కావాలి. అంత తీరిక ఎక్కడిది? ఎదురుగా ఉన్న ఫిజికల్ పోకెమాన్ ఎలాగూ స్కార్మరీని ఏమీ చేయలేదు. దాంతో ప్రత్యర్థి దాన్ని వెనక్కి పిలిచి మరొకదాన్ని పంపుతాడు. అలా మార్చుకునే వంతే స్కార్మరీకి దొరికే తీరిక. రక్షణే ఎదుటివాడి చేత వంతులు వృథా చేయిస్తుంది.

నిప్పు, కరెంటు స్పెషల్ దాడులను కాచుకోవడానికి తోడుగా వచ్చింది బ్లిస్సీ. దాని మూల హెచ్‌పీ 255, స్పెషల్ డిఫెన్స్ 135, కానీ డిఫెన్స్ 10 మాత్రమే. ఒకదాని లోటు సరిగ్గా మరొకదాని బలం. ఫిజికల్ దాడి వస్తే స్కార్మరీ, స్పెషల్ దాడి వస్తే బ్లిస్సీ ముందుకొస్తాయి. ఈ జంటకు ఆటగాళ్లు స్కార్మ్‌బ్లిస్ అని పేరు పెట్టారు. పోకెమాన్ పోటీల చరిత్రలో ఇంతగా గుర్తుండిపోయిన రక్షణ జంట అరుదు. ముళ్లను తుడిచేసే రాపిడ్ స్పిన్ నార్మల్ టైపు దాడి కాబట్టి ఘోస్ట్ టైపుకు తగలదు. అందుకే ఈ జంట వెనుక ముళ్లకు కాపలాగా గెంగార్‌నో, డస్క్‌లాప్స్‌నో ఉంచడం ఆనవాయితీ అయింది.

అయస్కాంతపు ఉచ్చు

స్కార్మ్‌బ్లిస్‌కు విరుగుడు కూడా అదే తరంలో పుట్టింది. మూడో తరంతో పోకెమాన్లకు సహజ సామర్థ్యాలు వచ్చాయి. మాగ్నెటాన్‌కు దక్కిన మాగ్నెట్ పుల్ స్టీల్ టైపు ప్రత్యర్థిని వెనక్కి వెళ్లనివ్వదు. స్కార్మరీ తీరిగ్గా ముళ్లు పరుస్తున్న వంతులోనే ప్రత్యర్థి మాగ్నెటాన్‌ను దింపుతాడు. ఇక దానికి పారిపోయే దారి లేదు. వర్ల్‌విండ్ ఎప్పుడూ వంతు చివరనే పనిచేస్తుంది కాబట్టి థండర్‌బోల్ట్ ముందే పడుతుంది. స్పెషల్ డిఫెన్స్ పెంచుకోని స్కార్మరీ నిండు హెచ్‌పీతో ఉన్నా ఆ ఒక్క దెబ్బకే కూలిపోతుంది. అలా కూలాక అప్పటిదాకా దాని వెనుక ఆగిపోయిన ఫిజికల్ దాడిదారులందరికీ తలుపులు బార్లా తెరుచుకుంటాయి. బ్లిస్సీకి కూడా ఇలాంటి గండమే ఉంది. అరీనా ట్రాప్ ఉన్న డగ్‌ట్రియో దాన్ని నేల మీద బంధించగలదు.

ఈ భయం వల్లే స్కార్మరీ ఆటలో అంచనా వేయడం కీలకమైంది. మాగ్నెటాన్ ఎప్పుడు వస్తుందో ఒక వంతు ముందే పసిగట్టి తప్పుకున్నవాడిదే పైచేయి.

నాలుగో తరం: సేదదీరే విద్య

2006 సెప్టెంబర్‌లో జపాన్‌లో వచ్చిన డైమండ్, పర్ల్ ఆటలు స్కార్మరీకి కొంత ఇచ్చి కొంత తీసుకున్నాయి. ఫిజికల్, స్పెషల్ తేడా ఇక టైపును బట్టి కాక మూవ్‌ను బట్టి తేలసాగింది. ఫైర్ పంచ్, థండర్ పంచ్ కండబలపు దాడులయ్యాయి. ఉక్కుగోడకు మొదటి పగులు అదే. మాగ్నెటాన్ పరిణామం చెంది ఇంకా బలమైన మాగ్నెజోన్ అయింది.

ఇచ్చినవాటిలో గొప్పది రూస్ట్. అప్పటిదాకా గాయం మాన్పుకోవాలంటే రెస్ట్‌తో నిద్రపోవాల్సిందే. రూస్ట్‌తో మెలకువగా ఉంటూనే సగం హెచ్‌పీ తిరిగి వస్తుంది. 334 హెచ్‌పీ ఉన్న స్కార్మరీకి ఒక్క వంతులో 167 దక్కుతాయి. అయితే రూస్ట్ చేసినప్పుడు పక్షి నేలకు దిగుతుంది. ఆ వంతు ముగిసేదాకా దాని ఫ్లయింగ్ టైపు పోతుంది. నెమ్మదైన ప్రత్యర్థి తర్వాత ఎర్త్‌క్వేక్ వేస్తే, మామూలుగా తగలని ఆ దాడి రెండింతలుగా తగులుతుంది. అదే వంతులో కరెంటు దాడి వస్తే మాత్రం మామూలు దెబ్బే. ఎప్పుడు దిగాలి, ఎప్పుడు ఎగురుతూ ఉండాలి అన్నది తెలుసుకోవడమే ఈ పక్షిని నడపడంలో నేర్పు.

టైపును బట్టి గాయపరిచే స్టెల్త్ రాక్ కూడా ఈ తరంలోనే వచ్చింది. స్కార్మరీ దాన్నీ నేర్చుకుంది. ఉచ్చు నుంచి తప్పించుకునేందుకు షెడ్ షెల్ అనే వస్తువు దొరికింది. దాన్ని పట్టుకుంటే మాగ్నెజోన్ ముందు నుంచి కూడా వెనక్కి వెళ్లిపోవచ్చు. కానీ వస్తువు ఒక్కటే పట్టుకోగలదు. షెడ్ షెల్ కావాలంటే, వంతు వంతుకూ 20 హెచ్‌పీ తిరిగిచ్చే లెఫ్టోవర్స్ వదులుకోవాలి. ఎప్పుడో వచ్చే ఉచ్చుకు భయపడి రోజువారీ తిండి మానుకోవాలా అన్న ప్రశ్న ఆటగాళ్లను ఏళ్ల తరబడి ఆలోచనలో పడేసింది.

ఐదో తరం: ఒక్క పాయింటుతో ప్రాణం

2010లో వచ్చిన బ్లాక్, వైట్ ఆటల్లో, స్కార్మరీకి ఉండగల సహజ సామర్థ్యమైన స్టర్డీ అర్థం మారింది. నిండు హెచ్‌పీతో ఉన్న స్కార్మరీ ఇప్పుడు ఎంత పెద్ద దెబ్బ తగిలినా ఒక్క పాయింటుతో నిలబడుతుంది. దీంతో రక్షణకు మారుపేరైన ఈ పక్షికి దూకుడు జట్లలో కొత్త పని దొరికింది. ఆట మొదట్లోనే దిగి ముళ్లు పరచడం, స్టర్డీతో బతకడం, హెచ్‌పీ అడుగంటినప్పుడు ముందుగా కదలనిచ్చే కస్టాప్ పండు తిని ఇంకో వరుస పరచడం, ఆ తర్వాత నేలకొరగడం. గోడలా నిలవాల్సినది ఇక్కడ త్యాగమూర్తి అయింది.

ఇదే తరంలో వచ్చిన గ్రాస్, స్టీల్ టైపుల ఫెర్రోథార్న్ స్పైక్స్ పరచడంలో గట్టి పోటీగా నిలిచింది. ఎవియోలైట్ అనే వస్తువు పరిణామం పూర్తికాని పోకెమాన్ల రక్షణను పెంచింది. దానివల్ల రక్షణ జట్లలో బ్లిస్సీ చోటును చాలాసార్లు దాని చిన్న రూపం చాన్సీ తీసుకుంది.

ఆరు, ఏడు తరాలు: తగ్గిన ఉక్కు మెరుగు

2013 అక్టోబర్ 12న ప్రపంచమంతటా ఒకేసారి విడుదలైన ఎక్స్, వై ఆటలు స్టీల్ టైపు నుంచి ఘోస్ట్, డార్క్ దాడుల మీద ఉన్న నిరోధాన్ని తీసేశాయి. కొత్తగా వచ్చిన ఫెయిరీ టైపు మీద నిరోధాన్ని ఇచ్చాయి. స్కార్మరీ నిరోధాల సంఖ్య తొమ్మిది నుంచి ఎనిమిదికి దిగింది. అంతకన్నా పెద్ద మార్పు డీఫాగ్. రంగం రెండు వైపులా పరిచిన ముళ్లనూ రాళ్లనూ అది ఒక్కసారిగా ఊడ్చేయసాగింది. రాపిడ్ స్పిన్‌లా దాన్ని ఘోస్ట్ టైపు అడ్డుకోలేదు. మూడు వంతుల కష్టం ఒక్క వంతులో తుడిచిపెట్టుకుపోతోంది. స్కార్మరీ కూడా డీఫాగ్ వాడగలదు. దాంతో ముళ్లు పరిచే పక్షే ముళ్లు ఊడ్చే పనికీ దిగింది.

2016లో వచ్చిన సన్, మూన్ ఆటల్లో అదే రెండు టైపులతో సెలెస్టీలా వచ్చింది. గణాంకాలు సమతూకంగా ఉండి, లీచ్ సీడ్‌తో శక్తిని పీల్చే ఈ జీవి స్కార్మరీ చోటుకు నేరుగా పోటీ పడింది.

ఎనిమిది, తొమ్మిది తరాలు: వారసుడు, కొత్త ఆయుధం

2019 నవంబర్‌లో వచ్చిన స్వోర్డ్, షీల్డ్ మూల ఆటల్లో స్కార్మరీకి చోటు దక్కలేదు. దాని స్థానంలో అవే టైపులతో కార్విక్నైట్ వచ్చింది. డిఫెన్స్ 105 మాత్రమే అయినా హెచ్‌పీ 98 కావడంతో దాని ఒడ్డు పొడుగు బాగుంది. 2020 జూన్‌లో వచ్చిన ఐల్ ఆఫ్ ఆర్మర్ అదనపు భాగంతో స్కార్మరీ తిరిగొచ్చింది. కార్విక్నైట్‌కు లేని స్పైక్స్ తనకు ఉండటంతో రెంటి పనులూ వేరయ్యాయి.

ఈసారి స్కార్మరీకి బాడీ ప్రెస్ కూడా దక్కింది. ఈ దాడి బలాన్ని అటాక్ కాక డిఫెన్స్ నిర్ణయిస్తుంది. డిఫెన్స్ పూర్తిగా పెంచిన స్కార్మరీకి అటాక్ 196 అయితే డిఫెన్స్ 416. ఏళ్ల తరబడి దెబ్బలు కాచుకున్న కవచమే ఇప్పుడు దెబ్బ కొట్టే ఆయుధమైంది. అయితే ముళ్లను, రాళ్లను లెక్కచేయకుండా నడవనిచ్చే హెవీ డ్యూటీ బూట్స్ కూడా ఈ తరంలోనే వచ్చి దాని సుంకం వసూళ్లకు గండి కొట్టాయి.

తొమ్మిదో తరమైన స్కార్లెట్, వైలెట్‌లో స్కార్మరీ 2023లో అదనపు భాగంతో చేరింది. రూస్ట్‌ను వాడగలిగే సార్లు సగానికి తగ్గి అయిదయ్యాయి. ఘోస్ట్, స్టీల్ టైపుల గోల్డెంగో దానికి విచిత్రమైన సంబంధీకుడు. సొంత జట్టులో ఉంటే డీఫాగ్‌ను అడ్డుకుని స్పైక్స్‌కు కాపలా కాయగలదు. అదే ప్రత్యర్థి జట్టులో ఉంటే మాత్రం వర్ల్‌విండ్ దానిపై పనిచేయదు, బాడీ ప్రెస్ తగలదు.

డబుల్స్ పోటీల్లో

అధికారిక ప్రపంచ పోటీలు జరిగే డబుల్స్ పద్ధతిలో ఇరువైపులా రెండేసి పోకెమాన్లు ఒకేసారి దిగుతాయి. ఆరింటిలో నాలుగే ఆడతాయి. ఇద్దరు కలిసి కొడితే గోడ త్వరగా పడుతుంది, ముళ్లు పరిచే తీరిక దొరకదు, మార్చుకునే సందర్భాలూ తక్కువ. అందుకే స్కార్మరీ కీర్తి ప్రధానంగా సింగిల్స్ రంగానిదే.

ప్రాముఖ్యం

స్కార్మరీ మూల గణాంకాలు 1999 నుంచి ఒక్క అంకె కూడా మారలేదు. మారిందల్లా దాని చుట్టూ ఉన్న ఆటే. స్పైక్స్, రూస్ట్, స్టర్డీ కొత్త అర్థం, బాడీ ప్రెస్ దానికి అండగా వచ్చాయి. మాగ్నెట్ పుల్, డీఫాగ్, బూట్స్ దాన్ని వెనక్కి నెట్టాయి. అందుకే పోటీ పోరు ఏ తరంలో ఎలా సాగిందో తెలుసుకోవాలనుకునేవారికి ఈ ఒక్క పక్షి ఏ తరంలో ఏ నాలుగు మూవ్‌లు మోసిందో చూస్తే చాలావరకు అర్థమవుతుంది. రక్షణ ఆడడమంటే చేతులు కట్టుకుని కూర్చోవడం అనుకునే కొత్త ఆటగాడికి కూడా స్కార్మరీయే మంచి గురువు. అది దెబ్బ కాచుకునే ప్రతి వంతులోనూ ప్రత్యర్థి కాళ్ల కింద ఇంకో వరుస ముళ్లు పరుచుకుంటాయి.