వేళను చాటిన సంకేతాలు

తెలుగులో 'గంట' అనే మాటకు రెండర్థాలున్నాయి. గుడిలోను, బడిలోను మోగేది ఒకటి. అరవై నిమిషాల కాలం మరొకటి. రెండవ అర్థం మొదటి దానినుండే వచ్చినది. 'గడియారం' అనే మాటలో గడియ దాగి ఉన్నది. మన పూర్వులు కాలాన్ని ఎక్కువగా చెవితో తెలుసుకొనేవారు. ఊరందరి తరఫున ఒకడు కాలాన్ని కొలిచి చాటేవాడు.

ఆ కొలత సాధనం చాల సులభమైనది. అడుగున సన్నని రంధ్రమున్న రాగి గిన్నెను నీటిమీద ఉంచితే, నీరు మెల్లగా లోనికెక్కి గిన్నె మునిగిపోతుంది. ఒకసారి మునగడానికి పట్టే కాలం ఒక గడియ, అనగా 24 నిమిషాలు. గిన్నె మునిగినప్పుడల్లా కాపలావాడు గంట మోగించేవాడు. లెక్క సూర్యోదయంతో మొదలవుతుంది కనుక ఏ ఊరి కాలం ఆ ఊరిదే.

ఈ తేడా ఎంతటిదో పూర్వపు నల్లగొండ జిల్లాలోని మూడు పట్టణాలను తీసుకొని చూడవచ్చు. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. కోదాడ తూర్పు రేఖాంశం సుమారు 79.97 డిగ్రీలు, సూర్యాపేటది 79.62, మిర్యాలగూడది 79.57. కనుక కోదాడలో మిట్టమధ్యాహ్నమైన నిమిషంన్నరకు సూర్యాపేటలో అవుతుంది. సూర్యుని పేరే పెట్టుకొన్న ఆ ఊరికన్న మిర్యాలగూడ మరి పది పదిహేను సెకన్లు వెనుక. ఎద్దుబండిమీద పోయేవానికి ఈ తేడాతో పని లేదు.

సముద్రంమీద పోయేవానికి మాత్రం ఇది ప్రాణాలతో కూడిన లెక్క. నడిసముద్రంలో ఓడ ఏ రేఖాంశంమీద ఉన్నదో తెలియాలంటే, అక్కడి కాలాన్ని ఓడలోని క్రోనోమీటరు చూపే కాలంతో పోల్చాలి. విశాఖపట్నం అక్షాంశం వద్ద ఆ గడియారం ఒక నిమిషం తప్పితే ఓడ స్థానం దాదాపు 26 కిలోమీటర్లు తప్పుతుంది. చీకటిలో రాళ్ల తీరాన్ని సమీపించే ఓడకు అంతకన్న తక్కువ తప్పు చాలు. క్రోనోమీటరును ఒడ్డుకు మోసుకొనిపోయి సరిచూద్దామంటే ఆ కుదుపులకే నడక మారవచ్చు. అందువల్ల ఒడ్డునుండే ఓడకు కాలం చూపవలసి వచ్చినది.

గ్రీనిచ్‌లో 1833లో ఇందుకై వేధశాల కప్పుమీద ఒక పెద్ద గోళాన్ని అమర్చారు. పగలు 12.55కు అది స్తంభంమీద సగంవరకు ఎక్కుతుంది, 12.58కి కొనకు చేరుతుంది. సరిగా ఒంటిగంటకు జారుతుంది. జారడం మొదలైన క్షణమే సంకేతం. ముందు రెండు ఎత్తులూ నావికులను హెచ్చరించడానికి.

తెలుగునాట ఇటువంటి పనికి పూనుకొన్నవాడు గోడే వెంకట జగ్గారావు (1817–1856). ఈయన మద్రాసు వేధశాల అధిపతి టి. జి. టేలరు వద్ద ఖగోళశాస్త్రం నేర్చి, 1840లో విశాఖపట్నంలో సొంత వేధశాలను నిర్మించాడు. డాల్ఫిన్స్ నోస్ కొండమీద జెండా స్తంభం నిలిపి, ప్రతిదినం నియమిత క్షణాన జెండా దింపే ఏర్పాటు చేశాడు. ప్రభుత్వం చేయవలసిన పనిని ఒక గృహస్థు తన ధనంతో చేయడం గమనించదగినది. తరువాత ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు వేధశాలను నడిపాడు. ఆ కాలంలో ఫిరంగి మోత కూడ వేళను తెలిపింది.

ఫిరంగితో ఒక చిక్కున్నది. ధ్వని కిలోమీటరు దూరం పోవడానికి దాదాపు 3 సెకన్లు తీసుకొంటుంది. అందుచేత తెలిసిన నావికుడు మోతకోసం ఆగక మెరుపును చూసి క్షణం గుర్తించేవాడు. మద్రాసులో జాన్ గోల్డింగుహాము ఈ చిక్కునే ప్రయోగంగా మార్చుకొన్నాడు. 1820–21లో సెయింట్ జార్జి కోటలోను, సెయింట్ థామస్ కొండమీదను పేలే ఫిరంగుల మెరుపుకు, మోతకు నడుమ కాలాన్ని వేధశాలనుండి కొలిచి ధ్వని వేగం కట్టాడు. కొండ దాదాపు 9 కిలోమీటర్ల దూరం. అంటే 26 సెకన్ల నిరీక్షణ. ఎండకాలంలో ధ్వని త్వరగా రావడం కూడ ఆ కొలతలలో కనిపించినది.

తంతి ఈ ఆలస్యాన్ని తుడిచివేసినది. మద్రాసు వేధశాలనుండి రోజూ సాయంత్రం నాలుగు గంటలకు తంతి సంకేతం దేశంలోని ఆఫీసులకు పోయేది. రైళ్లు గ్రీనిచ్‌కు 5 గంటల 21 నిమిషాల 14 సెకన్లు ముందుండే మద్రాసు కాలాన్ని పాటించాయి. సికింద్రాబాదుకు రైలు 1874లో, బెజవాడవరకు 1889లో వచ్చినది. ఆ దారి వరంగల్లు, ఖమ్మంమీదుగా పోయి సూర్యాపేటను, కోదాడను తాకలేదు. మిర్యాలగూడకైనా రైలు వచ్చినది ఇరవయ్యవ శతాబ్దపు చివరి పాదంలోనే.

1906 జనవరి 1న బ్రిటిషు ప్రభుత్వం 82.5 డిగ్రీల రేఖను ప్రమాణంగా తీసుకొన్నది. మద్రాసు కాలానికి 2 నిమిషాల 45 సెకన్లే వెనుకనున్న సూర్యాపేట, కొత్త కాలానికి పదకొండున్నర నిమిషాలు వెనుకబడినది. నష్టం పెద్దది కాదు. బొంబాయి, కలకత్తా నగరాలు మాత్రం చాలకాలం తమ పాత కాలాన్ని వదలలేదు.

రైలు చేరని ఊళ్లకు రేడియో చేరినది. ఆరు టిక్కులతో వేళ చెప్పే పద్ధతిని బి.బి.సి. 1924లో ప్రారంభించినది; హైదరాబాదులో దక్కన్ రేడియో 1935లో మొదలైనది. హైదరాబాదునుండి సూర్యాపేట నేరుగా సుమారు 125 కిలోమీటర్లు. అంతదూరం ఫిరంగి మోత వినబడితే అది ఆరు నిమిషాల తరువాత వచ్చేది. రేడియో తరంగానికి సెకనులో వేయోవంతులో సగం కూడ పట్టదు. చిత్రమేమంటే, ఇంటర్నెట్ ద్వారా వినే రేడియో నేడు ఆ టిక్కులను అనేక సెకన్లు ఆలస్యంగా అందించవచ్చు. ఫోను తన గడియారాన్ని వేరే మార్గాన సరిచేసుకొంటుంది.

ఈ తేడాలను విద్యార్థులు బడి ఆవరణలో చూడవచ్చు. నిట్టనిలువుగా పాతిన కర్ర నీడ సరిగా ఉత్తర దక్షిణ రేఖమీద పడే క్షణాన్ని గుర్తించాలి. ఏప్రిల్ 15 ప్రాంతంలో అది కోదాడలో సుమారు 12.10కి, సూర్యాపేటలో పదకొండున్నర నిమిషాలకు, మిర్యాలగూడలో 12.12కి దగ్గరగా వస్తుంది. భూమి కక్ష్య వర్తులం కానందువల్లను, దాని అక్షం వాలి ఉన్నందువల్లను తక్కిన రోజుల్లో ఈ వేళ మారుతుంది. సూర్యాపేటలో ఫిబ్రవరి మధ్యలో 12.26 వరకు పోయి, నవంబరు మొదటివారంలో 11.55కే వస్తుంది.