చిత్తు ఫైళ్లకు డిస్కెందుకు?

పాత యూనిక్స్ మెషిన్ మీద సీ ప్రోగ్రామును కంపైల్ చేసిన ప్రతిసారీ తెర వెనక కొన్ని ఫైళ్లు పుట్టి పోతుండేవి. ప్రీప్రాసెసర్ తన పని ముగించి ఫలితాన్ని స్లాష్ టెంప్ అనే డైరెక్టరీలో ఒక ఫైలుగా పెట్టేది. కంపైలర్ అది చదివి అసెంబ్లీ కోడుతో ఇంకో ఫైలు రాసేది. అసెంబ్లర్ దాన్ని అందుకునేది. చివర్న సీసీ కమాండు మధ్యలో పుట్టినవాటన్నిటినీ తుడిచేసేది. సీటీఎం అనే అక్షరాలతో మొదలయ్యే ఆ ఫైళ్ల ఆయుష్షు కొద్ది సెకన్లే. ప్రోగ్రామరు వాటి మొహం కూడా చూసేవాడు కాదు. డిస్కు మాత్రం వాటికీ, ఏళ్ల తరబడి దాచుకోవాల్సిన ఫైళ్లకూ తేడా చూపేది కాదు. చిత్తు లెక్కను స్టాంపు కాగితం మీద రాసి, రిజిస్ట్రారు ఆఫీసులో నమోదు చేయించి, బయటికి రాగానే చించేసినట్టుండేది వ్యవహారం. ఫైళ్లను మెమరీలోనే ఉంచే ఫైల్ సిస్టమ్ కథ ఈ దుబారా దగ్గరే మొదలవుతుంది.

దుబారా ఎంతో చూద్దాం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో కిర్క్ మెక్‌కూసిక్, ఆయన తోటివాళ్లు రాసిన ఫాస్ట్ ఫైల్ సిస్టమ్ 1983లో 4.2బీఎస్‌డీ అనే యూనిక్స్‌తో బయటికొచ్చింది. ఫైలు ఎవరిది, ఎంత పొడవు, దాని ముక్కలు డిస్కులో ఎక్కడున్నాయి అనే వివరాలుండే చిన్న రికార్డును ఐనోడ్ అంటారు. కొత్త ఫైలు సృష్టిస్తే ఆ ఫైల్ సిస్టమ్ ముందు ఐనోడ్‌ను డిస్కు మీద రాసి, రాత పూర్తయ్యేదాకా ఆగేది. ఆ తర్వాతే డైరెక్టరీలో పేరు ఎక్కించేది. తుడిచేటప్పుడు వరుస తిరగబడేది, ముందు పేరు కొట్టేసి తర్వాత ఐనోడ్‌ను వదిలేది. మధ్యలో కరెంటు పోయినా, పనికిరాని ఐనోడ్‌ను చూపించే పేరు డిస్కు మీద మిగిలిపోకూడదని ఈ జాగ్రత్త. ఒకరి పరిశోధన గ్రంథం ఉన్న ఫైలుకు ఇంత జాగ్రత్తా కావాలి. కానీ అప్పటి డిస్కులు చాలావరకు నిమిషానికి 3,600 చుట్లు తిరిగేవి, అంటే ఒక చుట్టుకు దాదాపు 17 మిల్లీసెకన్లు. కొద్ది సెకన్లు బతికే ఫైలు పుట్టేటప్పుడు కొన్ని రాతలు, పోయేటప్పుడు కొన్ని రాతలు, ప్రతి రాతకూ డిస్కు సరైన చోటికి తిరిగొచ్చేదాకా ఎదురుచూపు. పైగా స్లాష్ టెంప్‌ను మెషిన్ బూట్ అయిన ప్రతిసారీ ఖాళీ చేయడం ఆనవాయితీ. కరెంటు పోయి వస్తే ఎలాగూ ఉంచని ఫైళ్లను కరెంటు కోత నుంచి కాపాడటానికే ఇంత తంటా.

దీనికి లెక్కలు చూపించింది జాన్ ఔస్టర్‌హౌట్ బృందం. బర్క్‌లీలోని 4.2బీఎస్‌డీ మెషిన్లలో ఏ ఫైలు ఎప్పుడు తెరుచుకుంది, ఎప్పుడు పోయింది అన్నది నమోదు చేసి 1985లో ప్రచురించారు. కొత్తగా రాసిన సమాచారంలో ఎక్కువ భాగం కొద్ది నిమిషాల్లోపే తుడుచుకుపోవడమో, దాని మీదే వేరేది రాయడమో జరుగుతోందని తేలింది.

మెమరీని డిస్కులా వాడుకోవడం చిన్న కంప్యూటర్ల వాళ్లకు అప్పటికే తెలుసు. బ్రిటన్‌లో జెర్రీ కార్లిన్ 1979-80 ప్రాంతంలో సీపీ/ఎం మెషిన్ల కోసం సిలికాన్ డిస్క్ సిస్టమ్ రాశారు. ఆ ప్రాసెసర్లకు నేరుగా అందేది 64 కిలోబైట్లే. అంతకు మించి బిగించిన మెమరీని ఒక డిస్కు డ్రైవుగా చూపిస్తే, పాత ప్రోగ్రాములు ఒక్క అక్షరం మారకుండా దాన్ని వాడుకోగలిగేవి. 1984లో పీసీ డాస్ 3.0తో పాటు వీడిస్క్ అనే అలాంటి ప్రోగ్రామే వచ్చింది. ఇవన్నీ డిస్కు వేషం కట్టిన మెమరీ. సైజు ముందే చెప్పాలి, వాడినా వాడకపోయినా అంత మెమరీ బందీ అయిపోతుంది. లేని సెక్టార్లు ఉన్నట్టు నటించాలి. 1985లో వచ్చిన అమీగా వేరే దారి పట్టింది. దాని ర్యామ్ డిస్కుకు నిర్ణీత సైజంటూ లేదు, ఫైలు పెడితే పెరిగేది, తీసేస్తే తగ్గేది. అందుకే ఎప్పుడడిగినా నూటికి నూరు శాతం నిండి ఉన్నానని చెప్పేది. ఈ చరిత్రలో నాకు అమీగా అంటే ప్రత్యేకమైన అభిమానం. తర్వాత పదిహేనేళ్లకు అందరూ చేరుకున్న చోటుకు, ఇంట్లో ఆటలాడుకునే కంప్యూటర్‌గా పేరుపడ్డ ఆ యంత్రం ముందే దారి చూపింది.

యూనిక్స్ మెషిన్లలో చిక్కు వేరు. అక్కడ మెమరీ ఉమ్మడి సొత్తు. ఎంతోమంది ఒకేసారి పనిచేసే మెషిన్‌లో కొన్ని మెగాబైట్లను తాత్కాలిక ఫైళ్లకని కట్టేస్తే, ఫైళ్లు లేని వేళల్లో కూడా ఆ మెమరీ ఎవరికీ అందదు. 1990 వేసవిలో జరిగిన యూసెనిక్స్ సదస్సులో మెక్‌కూసిక్, మైక్ కారెల్స్, కీత్ బాస్టిక్ దీనికో ఉపాయం వివరించారు. దాని పేరు ఎంఎఫ్ఎస్. మామూలు ప్రాసెస్ ఒకటి మొదలవుతుంది. కావలసినంత వర్చువల్ మెమరీ తీసుకుని, దాన్నే డిస్కనుకుని అందులో ఫాస్ట్ ఫైల్ సిస్టమ్‌ను పరుస్తుంది. తర్వాత మౌంట్ అనే సిస్టమ్ కాల్‌తో కెర్నెల్‌లోకి వెళ్తుంది. వెళ్లిన ప్రాసెస్ అన్‌మౌంట్ చేసేదాకా తిరిగి రాదు. కెర్నెల్ లోపలే నిద్రపోతూ, ఎవరికైనా బ్లాకు కావలసినప్పుడు లేచి, తన మెమరీలోంచి కాపీ చేసి ఇచ్చి, మళ్లీ పడుకుంటుంది. మెమరీకి కరువొస్తే అన్ని ప్రాసెస్‌ల పేజీల్లాగే దాని పేజీలూ డిస్కు మీది స్వాప్‌కు పోతాయి. ఉమ్మడి సొత్తు ఉమ్మడిగానే మిగిలింది.

పరీక్షించి నిలబడిన ఫైల్ సిస్టమ్ కోడు చేతిలో ఉండగా కొత్తది రాయడమెందుకన్నది వాళ్ల వివేకం. దానికి చెల్లించిన మూల్యాన్ని కూడా వాళ్లు దాచుకోలేదు. ప్రాసెస్ మెమరీ నుంచి బఫర్ క్యాష్‌కు ఒక కాపీ, అక్కణ్నుంచి ప్రోగ్రాముకు ఇంకో కాపీ, మెమరీలోంచి మెమరీలోకే రెండు మోతలు. ఫైలును తుడిచేసినా అది పట్టిన మెమరీ సిస్టమ్‌కు వాపసు రాదు. కింద ఉన్నది డిస్కేనని ఆ కోడు నమ్ముతోంది మరి, డిస్కులో ఖాళీ అయిన బ్లాకును ఎవరికీ తిరిగివ్వక్కర్లేదు కదా. తిరిగే పళ్లేల కోసం ఆలోచించిన సిలిండర్ గ్రూపుల అమరిక కూడా, ఏదీ తిరగని మెమరీలో అలాగే ఉండిపోయింది.

ఆ అనుకరణ అక్కర్లేని పునాది సన్ మైక్రోసిస్టమ్స్‌లో అప్పటికే పడింది, అది కూడా వేరే పని కోసం. నెట్‌వర్క్ అవతల ఉన్న ఫైలును పక్కనే ఉన్నట్టు చూపించే ఎన్ఎఫ్ఎస్ కోసం సన్ ఇంజనీర్లు కెర్నెల్‌ను రెండుగా చీల్చారు. స్టీవ్ క్లైమన్ 1986లో వివరించిన ఈ వీనోడ్ పద్ధతిలో, పై భాగానికి కొన్ని పనులే తెలుసు. పేరు వెతుకు, తెరువు, చదువు, రాయి, తీసెయ్. కింద ఉన్నది డిస్కా, నెట్‌వర్కా అని పై భాగం అడగదు. అడగదని ఖాయమైన తర్వాత కింద ఏమీ లేకపోయినా ఫర్వాలేదు! నా దృష్టిలో అసలు మలుపు ఇదే. దీనికి తోడు సన్‌ఓఎస్ 4.0లో ఫైళ్ల పేజీలకూ, ప్రాసెస్ పేజీలకూ మధ్య గోడ తీసేసి అన్నిటినీ ఒకే వర్చువల్ మెమరీ కింద చేర్చారు.

పీటర్ స్నైడర్ 1990లో వివరించిన టెంప్‌ఎఫ్ఎస్ ఈ రెండిటి మీద నిలబడింది. సన్‌ఓఎస్ 4.1తో అది జనానికి చేరింది. ఇందులో బ్లాకు నంబర్లు లేవు, ఖాళీ బ్లాకుల పట్టిక లేదు, సిలిండర్లు లేవు. ఫైలుకో చిన్న నోడ్, డైరెక్టరీకి పేర్ల జాబితా, ఈ రెండూ కెర్నెల్ మెమరీలో ఉంటాయి. ఫైల్లోని డేటా ప్రాసెస్‌లు వాడుకునే, ఏ ఫైలుకూ చెందని అనానిమస్ పేజీల్లాంటి పేజీల్లోనే ఉంటుంది, అవసరమైతే స్వాప్‌కు వెళ్లొస్తుంది. ఫైలు తుడిస్తే పేజీలు ఆ క్షణమే అందరివీ అయిపోతాయి.

డిస్కు ఆనవాళ్ల ఈ తీసివేతను చివరిదాకా తీసుకెళ్లినది లైనక్స్. 2000లో లైనస్ టోర్వాల్డ్స్ రాసిన ర్యామ్‌ఎఫ్ఎస్ చాలా చిన్న ప్రోగ్రాము. ఫైల్ సిస్టమ్ ఎలా రాయాలో చూపించే నమూనాగా అది ఎక్కువ పనికొస్తుందని ఆయనే అందులో రాసుకున్నారు. లైనక్స్ ఏ ఫైలు చదివినా ఆ పేజీలను పేజ్ క్యాష్‌లో ఉంచుకుంటుంది, వెతికిన పేర్లను డైరెక్టరీ క్యాష్‌లో ఉంచుకుంటుంది. మెమరీ చాలకపోతే డిస్కు మీద అసలు ప్రతి ఉన్నవాటిని వదిలేస్తుంది. ర్యామ్‌ఎఫ్ఎస్ చేసేదల్లా వదలనివ్వకపోవడమే. ఫైలు సృష్టించేటప్పుడు దాని పేరు మీద లెక్కను ఒకటి అదనంగా పెంచుతుంది. ఎవరో వాడుతున్నారన్న లెక్క ఉన్నంతవరకు కెర్నెల్ ఆ పేరును క్యాష్‌లోంచి తీసేయదు. తుడిచినప్పుడు ఆ లెక్కను తగ్గిస్తుంది, అంతే. ఒక పేరు క్యాష్‌లో లేదంటే ఆ ఫైలే లేదు, ఇంకెక్కడా వెతకక్కర్లేదు. డిస్కు కోసం పెట్టుకున్న క్యాషే, డిస్కు తీసేశాక పూర్తి ఫైల్ సిస్టమ్‌గా మిగిలింది. ఇంత తక్కువ కోడుతో ఇంత పని జరగడం చూస్తే నాకు ఇప్పటికీ ఆనందం కలుగుతుంది.

కాకపోతే ర్యామ్‌ఎఫ్ఎస్‌కు హద్దు తెలియదు, రాస్తూ పోతే మెమరీ మొత్తం నిండిపోయి మెషిన్ కూలబడుతుంది. ఎస్ఏపీ కంపెనీలో పనిచేస్తుండిన క్రిస్టోఫ్ రోలాండ్, లైనక్స్‌లో ప్రాసెస్‌లు మెమరీ పంచుకోవడానికి ఉన్న కోడును పెంచి, సైజు పరిమితీ స్వాప్‌కు వెళ్లే వీలూ ఉన్న టెంప్‌ఎఫ్ఎస్‌గా మార్చారు. 2001లో వచ్చిన లైనక్స్ 2.4 కాలం నుంచి అది వాడుకలో ఉంది. ఏమీ చెప్పకపోతే ర్యామ్‌లో సగం దాకా పెరగనిస్తుంది. మీ ఆండ్రాయిడ్ ఫోన్ బూట్ అయినప్పుడు కెర్నెల్ మొదట విప్పుకునే ఫైళ్లు మెమరీలోని ఫైల్ సిస్టమ్‌లోకే వస్తాయి. కంటైనర్లను నడిపించే కుబర్నెటీస్‌లో పాస్‌వర్డుల్లాంటి రహస్యాలను కంటైనర్లకు అందించేది కూడా టెంప్‌ఎఫ్ఎస్ ద్వారానే, డిస్కు మీద ఆనవాలు మిగలకూడదని.

హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూలకు చదువుకునేవాళ్లకు ఈ లెక్క పరిచయమే. మెమరీలో ఉండే ఫైల్ సిస్టమ్‌ను డిజైన్ చేయమంటారు. ప్రతి నోడ్‌కూ పిల్లల పేర్లతో ఒక హ్యాష్ మ్యాప్ పెట్టి చెట్టు కడితే ఇంటర్వ్యూ గట్టెక్కుతుంది. నిజమైన ప్రోగ్రాములు వాడేటప్పుడు ఆ చెట్టు చాలదు. ఒక ప్రోగ్రాము చదువుతున్న ఫైలును ఇంకోటి తుడిచేస్తే పేరు వెంటనే పోవాలి, డేటా మాత్రం తెరిచినవాళ్లంతా మూసేదాకా బతకాలి. ఒకే ఫైలుకు రెండు డైరెక్టరీల్లో రెండు పేర్లు ఉండొచ్చు. పేరును నోడ్‌లోనే దాచిన డిజైన్ ఇక్కడే చిక్కుకుంటుంది. పేరు డైరెక్టరీ దగ్గర, మిగతావన్నీ ఐనోడ్ దగ్గర అన్న విభజన కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీలు యూనిక్స్ తొలినాళ్లలో పీడీపీ-7 మీద చేసినది. డిస్కు పోయినా, బ్లాకులు పోయినా అదొక్కటీ పోలేదు. ఇంటర్వ్యూకు చదివేవాళ్లు ర్యామ్‌ఎఫ్ఎస్ కోడు ఒకసారి తెరిచి చూడాలని నా కోరిక.

కెర్నెల్‌తో పనిలేకుండా ప్రోగ్రాము లోపలే ఉండే ఫైల్ సిస్టమ్‌లూ వచ్చాయి. అలోన్ జకాయ్ మొదలుపెట్టిన ఎమ్‌స్క్రిప్టెన్, సీ ప్రోగ్రాములను బ్రౌజర్లో నడిపిస్తుంది. ఆ ప్రోగ్రాములకు తెరవడానికి ఫైళ్లు కావాలి కాబట్టి మెమ్‌ఎఫ్ఎస్‌ను అందిస్తుంది. జావా ప్రోగ్రాముల పరీక్షల కోసం గూగుల్ ఇచ్చిన జిమ్‌ఎఫ్ఎస్‌లో మాత్రం దిశ మారింది. అక్కడ అనుకరణే లక్ష్యం. లైనక్స్ మీద కూర్చునే విండోస్ ఫైల్ సిస్టమ్‌లా ప్రవర్తించమని దాన్ని అడగొచ్చు, దారులు విండోస్ పద్ధతిలో రాస్తుంది, పెద్ద అక్షరాలకూ చిన్న అక్షరాలకూ తేడా చూడదు.

ఇక స్లాష్ టెంప్ సంగతి. సన్ వారి సొలారిస్ దాన్ని ఎప్పుడో మెమరీకి మార్చేసింది. లైనక్స్ పంపిణీల్లో ఫెడోరా 2013లో వచ్చిన 18వ వెర్షన్‌తో మార్చింది. డెబియన్ చాలాకాలం ఆగింది, పెద్ద పెద్ద తాత్కాలిక ఫైళ్లు రాసే ప్రోగ్రాములు ర్యామ్‌ను మింగేస్తాయన్న అభ్యంతరం అక్కడ గట్టిగా వినిపించేది. అభ్యంతరంలో నిజముంది. అయినా 2025 ఆగస్టులో విడుదలైన డెబియన్ 13లో స్లాష్ టెంప్ టెంప్‌ఎఫ్ఎస్ అయింది, మెమరీలో 50 శాతం పరిమితితో. గిగాబైట్లకొద్దీ రాసే ప్రోగ్రాములు స్లాష్ వార్ కింద ఉన్న టెంప్ డైరెక్టరీని వాడుకోవాలి, అది డిస్కు మీదే ఉంది, బూట్ అయినా ఖాళీ కాదు.