చెత్తబుట్ట కాదు, టపా సంచి

బ్లడ్ కేన్సర్ తగ్గిందనుకున్నాక తిరగబెట్టడం మనలో కొన్ని కుటుంబాలు పడిన బాధే. ఈ వ్యాధి ఎముక మజ్జలో ఎలా పాతుకుపోతుంది? శాస్త్రజ్ఞులు వెదుకుతున్న జవాబులలో ఎక్సోజోములు ఒకటి. నేను వైద్యుణ్ణి కాను. వాటి చరిత్రను చదివి తెలుసుకున్నంత మేరకు సభ్యులకు మనవి చేస్తున్నాను.

1967లో బ్రిటన్‌లో పీటర్ ఊల్ఫ్, రక్తంలోని ప్లేట్‌లెట్ల నుంచి రాలే సూక్ష్మ రేణువులను 'ప్లేట్‌లెట్ ధూళి' అన్నారు. 1983లో కెనడాలో రోజ్ జాన్‌స్టోన్ బృందం, గొర్రె ఎర్ర రక్తకణాలు ముదిరేటప్పుడు అక్కరలేని ప్రోటీన్లను చిన్న తిత్తులలో పెట్టి బయటికి పంపుతున్నాయని గమనించింది. 1987లో వాటికి ఎక్సోజోములని పేరు వచ్చింది. ఒక్కొక్కటి మిల్లీమీటరులో సుమారు పదివేలవ వంతు! చాలాకాలం అవి కణం పారేసే చెత్తేనని తలచారు.

1996లో అవి రోగనిరోధక కణాలను మేల్కొల్పగలవని తెలిసింది. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు, అవి ఒక కణం నుంచి మరో కణానికి ఆర్.ఎన్.ఏ. సందేశాలు మోసుకుపోతాయని చూపారు. చెత్తబుట్ట అనుకున్నది టపా సంచి అయింది.

ల్యుకీమియా కణాలూ ఈ టపానే వాడుకుంటాయి. అవి పంపే ఎక్సోజోములు మజ్జను తమకు అనుకూలంగా మార్చి, మంచి రక్తకణాల తయారీని అణచివేస్తాయని 2018లో ఎలుకలపై జరిపిన ప్రయోగాలు తెలిపాయి. వీటి ద్వారా వ్యాధిని ముందే పసిగట్టాలని పరిశోధనలు సాగుతున్నాయి.

ఇంతలో ఎక్సోజోము ఇంజెక్షన్లు అమ్మేవారూ బయలుదేరారు. తమ ఆమోదం పొందినది ఒక్కటీ లేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2019లోనే హెచ్చరించింది. కనుక పింఛను సొమ్ము వాటికి ధారపోయవద్దు. మందులు మానక, డాక్టరు చెప్పిన తేదీకి రక్తపరీక్ష చేయించుకోవడమే మన చేతిలోని పని.