చీకటిగది సాక్షులు: ఫిల్మ్ ఫోటోగ్రఫీ మౌఖిక చరిత్రలో వ్యక్తుల ఎంపిక

తెలంగాణ ఛాయాచిత్ర చరిత్ర సాధారణంగా ఆరవ నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ (1844–1905)తో మొదలవుతుంది. ఆయన గాజు నెగటివులు రెండువేలకు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో భద్రంగా ఉన్నాయి. కామారెడ్డి జిల్లా గాంధారి వంటి మండల కేంద్రాల స్టూడియో నెగటివులకు అటువంటి ఆశ్రయం అరుదు. అక్కడి ఫిల్మ్ యుగానికి మనుషుల జ్ఞాపకమే ప్రధాన ఆధారం. కనుక ఆ యుగంపై పాడ్‌కాస్ట్ తలపెట్టేవారు ఎవరితో ముఖాముఖి జరపాలన్నది చరిత్ర రచనా పద్ధతికి సంబంధించిన ప్రశ్న.

ప్రసిద్ధులతో ఆరంభించడం సహజం. అయితే తెలంగాణ పల్లె జీవితాన్ని, బతుకమ్మను చిత్రించిన గుడిమల్ల భరత్ భూషణ్ 2022లో కన్నుమూశారు. ఆ తరం గొంతులు తగ్గిపోతున్నాయి. పైగా ప్రసిద్ధుల మాటల్లో కళాదృష్టి తెలిసినంతగా చిన్న ఊరి స్టూడియో వృత్తి తెలియదు.

అందుకు మూడు వర్గాలవారిని పిలవాలి. మొదటివారు ఎర్రబల్బు వెలుగులో ప్రింట్లు వేసిన డార్క్‌రూం సహాయకులు. రెండవవారు నెగటివుపై పెన్సిలుతో టచింగ్ చేసినవారు. ఎవరు కోరితే ఎవరి ముఖాన్ని ఎంత మార్చారన్నది సామాజిక దృష్టికి ఆధారం. మూడవవారు ఫోటో దిగినవారు. ఎన్నికల సంఘం 1993లో ఫోటో గుర్తింపు కార్డులను ప్రవేశపెట్టడానికి ముందు వారు ఎన్నడైనా స్టూడియో మెట్లెక్కారా? ఏ అవసరానికి?

వీరికి స్థానిక పెళ్లి ఫోటోగ్రాఫర్‌ను జతచేయాలి. పెద్ద రీలుకైనా 36 ఫ్రేములే. ఎవరికోసం ఫ్రేము ఖర్చుచేశారో ఆల్బమ్ చూపుతుంది. ఎవరిని వదిలేశారో, ఎందుకు వదిలేశారో కెమెరా పట్టినవారే చెప్పగలరు. ఆ సమాధానం ఏ నెగటివులోనూ దొరకదు.