గేటు లోపలి పులిహోర

పోయినసారి అమ్మానాన్నలు అమెరికా వచ్చినప్పుడు, అందరిలాగే మేమూ ఓర్లాండో ప్రయాణం పెట్టుకున్నాం. విమానం టిక్కెట్లు, హోటలు, అద్దె కారు, పార్కు టిక్కెట్లు, అన్నిటికీ ఎక్సెల్ షీటులో లెక్క కుదిరింది. ఒక్క గడి దగ్గర మాత్రం ఆగిపోయా. ఆ గడి పేరు 'తిండి'. మా ఆవిడ ఒక అంకె చెప్పింది, నేనొకటి చెప్పాను. రెంటికీ మధ్య నాలుగొందల డాలర్ల తేడా! ఇదంతా వింటున్న అమ్మ, "దానికింత గొడవ దేనికిరా? ఓ డబ్బాడు పులిహోర కలిపేస్తా, పట్టుకుపోదాం" అంది.

"లోపలికి రానివ్వరేమో అమ్మా" అన్నాను.

"మన అన్నం మనం తింటామంటే వాళ్ళకేం నెప్పి?" అంది.

నా దగ్గర సమాధానం లేదు. తర్వాత తీరిగ్గా చదువుకుంటే తెలిసింది, అమ్మ అడిగింది చాలా పాత ప్రశ్న అని. కోర్టులదాకా వెళ్ళిన ప్రశ్న కూడాను.

కథ డిస్నీతో మొదలవ్వదు. కాలిఫోర్నియాలో బ్యూనా పార్క్ అనే ఊళ్ళో వాల్టర్ నాట్ అని ఒక రైతు ఉండేవాడు. బెర్రీ పళ్ళు పండించి రోడ్డు పక్కన అమ్ముకునేవాడు. 1930ల్లో ఆర్థికమాంద్యం వచ్చి రోజులు గడవడం కష్టమైంది. 1934 జూన్లో ఆయన భార్య కార్డీలియా, తన పెళ్ళినాటి పింగాణీ పళ్ళాలు బయటికి తీసి, ఎనిమిది మందికి చికెన్ భోజనం వండిపెట్టింది. భోజనం 65 సెంట్లు. రుచి నచ్చి జనం ఎగబడ్డారు. కొన్నేళ్ళకి భోజనం కోసం గంటలకొద్దీ క్యూలో నిలబడే పరిస్థితి వచ్చింది. నిలబడ్డవాళ్ళకి విసుగు పుట్టకుండా వాల్టర్ నాట్ 1940లో పాత గనుల ఊరిని తలపించే 'ఘోస్ట్ టౌన్' కట్టడం మొదలుపెట్టాడు. అదే పెరిగి పెరిగి ఇవాళ్టి నాట్స్ బెర్రీ ఫార్మ్ అయ్యింది.

అంటే ఇక్కడ భోజనం ముందు, పార్కు తర్వాత అన్నమాట. 1968 దాకా ఆ పార్కుకి కంచె లేదు, ప్రవేశ రుసుమూ లేదు. భోజనం ధర నచ్చకపోతే రోడ్డు దాటి ఇంకో హోటలుకి పోవచ్చు. అప్పుడు హోటలువాడు ఒళ్ళు దగ్గర పెట్టుకుని ధర పెడతాడు. ఆ చికెన్ హోటలు ఇప్పటికీ గేటు బయటే ఉంది. టిక్కెట్ కొనకుండానే వెళ్ళి తినొచ్చు.

ఇక డిస్నీ సంగతి. వాల్ట్ డిస్నీ తన కూతుళ్ళని రంగులరాట్నం ఎక్కించి, తను బెంచీ మీద పల్లీలు తింటూ కూర్చునేవాడట. పిల్లలతోపాటు పెద్దవాళ్ళకీ సరదాగా ఉండే చోటొకటి ఉండాలన్న ఆలోచన అక్కడే పుట్టిందని ఆయనే చెప్పుకున్నాడు. ఆలోచనైతే వచ్చింది కానీ డబ్బుల్లేవు. ఏబీసీ టీవీ సంస్థ 5 లక్షల డాలర్లు పెట్టుబడి పెట్టి, ఇంకో 45 లక్షల డాలర్ల అప్పుకి హామీ ఉండి, మూడోవంతుకి కొంచెం పైగా వాటా తీసుకుంది. పార్కులో తిండి అమ్మకాల మీద వచ్చే లాభం కూడా ఆ ఒప్పందంలో ఉంది. చూశారా, పార్కు కట్టకముందే మన మధ్యాహ్నభోజనం తాకట్టులోకి వెళ్ళిపోయింది :)

లోపల హోటళ్ళు చాలావరకు బయటి కంపెనీలవే. చిప్స్ కంపెనీ ఫ్రిటో, ఐస్‌క్రీం కంపెనీ కార్నేషన్, మాంసం కంపెనీ స్విఫ్ట్, ఇలా ఒక్కొక్కళ్ళు ఒక్కో హోటలు పెట్టుకున్నారు. అన్నట్టు, ఫ్రిటో వాళ్ళ హోటల్లో మిగిలిపోయిన టోర్టిల్లాలని పారెయ్యకుండా ముక్కలు చేసి వేయించి అమ్మితే జనం ఇష్టంగా తిన్నారనీ, అదే 1966లో దేశమంతా వచ్చిన డోరిటోస్‌కి మూలమనీ చెబుతారు. మిగిలిన చపాతీలతో మన ఇళ్ళల్లో చేసే పనే, కాకపోతే మనం పేటెంటు తీసుకోలేదు.

1955 జులై 17, డిస్నీలాండ్ మొదటిరోజు. ఆహ్వానాలున్నవాళ్ళకి మాత్రమే ప్రవేశం. కానీ దొంగ టిక్కెట్లతో కూడా జనం దూరిపోయారు. ఎండ మండిపోతోంది. హోటళ్ళలో తిండి, డ్రింకులు అయిపోయాయి. ప్లంబర్ల సమ్మె వల్ల మరుగుదొడ్లా, మంచినీళ్ళ కుళాయిలా, ఏదో ఒకటే సమయానికి పూర్తయ్యే పరిస్థితి వస్తే, వాల్ట్ మరుగుదొడ్లే ఎంచుకున్నాడు. కూల్‌డ్రింకులు అమ్ముకోవడానికే కుళాయిలు కట్టేశారని జనం తిట్టుకున్నారు. పాపం అది నిజం కాదు. కానీ జనానికి వెంటనే ఆ అనుమానమే ఎందుకొచ్చింది? గేటు లోపల ఉన్నవాడికి వేరే దారి లేదని గేటువాడికి తెలుసు, లోపలున్నవాడికీ తెలుసు. అనుమానం అక్కడ పుడుతుంది.

నాకర్థమైనంతలో పార్కుల తిండి ఖర్చు రహస్యం ఇంతే. మనం కట్టేది బర్గరు ధర కాదు, గేటు ధర. బయటికెళ్ళి తిని రావాలంటే కారుదాకా నడక, మళ్ళీ సెక్యూరిటీ లైను, రెండు గంటలు హుళక్కి. రోజుకి వందకి పైగా డాలర్లు పోసి కొన్న టిక్కెట్లో రెండు గంటలు వదులుకునేదెవరు? కాబట్టి లోపలే కొంటాం. మరి తప్పించుకునే దారి ఏది? ఒక్కటే, ఇంటి డబ్బా. అది గేటు దాటితే ధర నిర్ణయించే శక్తి కొంచెమైనా మన చేతిలో ఉంటుంది. అందుకే డబ్బా చుట్టూ ఇంత చరిత్ర.

1957లో డిస్నీలాండ్ పక్కనే 'హాలిడేలాండ్' అని పిక్నిక్‌ల కోసం ఒక మైదానం తెరిచారు. కంపెనీలు, సంఘాలు బృందాలుగా వచ్చి అక్కడ భోంచేసి పార్కులోకి వెళ్ళేవి. 1961లో అది మూతపడింది. 1983లో టోక్యో డిస్నీలాండ్ తెరిచారు. జపాన్‌వాళ్ళకి ఇంటినుంచి బెంతో డబ్బా తెచ్చుకోవడం మనకి సద్దిమూట ఎంతో అంత. అయినా ఆ పార్కులోకి డబ్బా రానివ్వలేదు. తెచ్చుకున్నవాళ్ళు గేటు బయట పిక్నిక్ స్థలంలో తినాలి. 1992లో పారిస్ దగ్గర తెరిచిన పార్కులో వైను అమ్మకూడదన్నారు. భోజనంలో వైను లేకపోవడమేంటని ఫ్రెంచివాళ్ళు గునిశారు. 1993లో డిస్నీ దిగొచ్చింది.

అసలు పోరాటం షాంఘైలో జరిగింది. 2016లో తెరిచిన ఆ పార్కులోకి 2017 చివర్నుంచి బయటి తిండి నిషేధం. 2019లో న్యాయశాస్త్రం చదువుకునే ఒక అమ్మాయి చిరుతిళ్ళతో వెళ్తే, సంచీ వెతికి ఆపేశారు. ఆ అమ్మాయి కోర్టుకెక్కింది. అమెరికా, ఫ్రాన్స్ పార్కుల్లో లేని నిషేధం మాకెందుకని చైనాలో పెద్ద చర్చ నడిచింది. అదే ఏడాది సెప్టెంబరులో డిస్నీ నిబంధన మార్చింది. వేడిచెయ్యాల్సినవి, ఘాటువాసన వచ్చేవి తప్ప మిగతావి తెచ్చుకోవచ్చంది. కేసు రాజీ అయ్యింది, ఆ అమ్మాయికి 50 యువాన్ల పరిహారం ముట్టింది. అప్పటి మారకంలో మన డబ్బుల్లో ఆరువందల రూపాయలు కూడా కాదు. కానీ ఆ తర్వాత డబ్బాతో లోపలికెళ్ళిన ప్రతి కుటుంబానికీ మిగిలిన డబ్బు లెక్కేసుకోండి.

మన దేశంలో ఇదే తగువు సినిమా హాళ్ళ దగ్గర నడిచింది. 2018లో జమ్మూ కాశ్మీర్ హైకోర్టు బయటి తిండి ఆపొద్దంది. 2023 జనవరి 3న సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. హాలు యజమాని ఆస్తి, నిబంధన పెట్టుకునే హక్కు ఆయనదే అంది. అయితే మంచినీళ్ళు ఉచితంగా ఇవ్వాలని, పసిపిల్లల కోసం తెచ్చుకున్న తిండి ఆపకూడదని కూడా చెప్పింది. నాకు ఆ తీర్పులో తర్కం అర్థమైంది, మనసు మాత్రం ఒప్పుకోలేదు.

సరే, మళ్ళీ ఓర్లాండోకి. డబ్బాని ఆపకుండానే మన జేబులోకి వచ్చే ఇంకో దారి ఉంది, ముందే డబ్బు కట్టించుకోవడం. దీనికీ చరిత్ర ఉంది. డిస్నీలాండ్‌లో 1955 అక్టోబరు నుంచి 1982 దాకా టిక్కెట్ పుస్తకాలుండేవి. ఏ, బీ, సీ అని మొదలై 1959కి ఈ దాకా వచ్చాయి. మంచి రైడ్లకి ఈ టిక్కెట్లు చకచకా అయిపోయేవి, ఏ టిక్కెట్లు మిగిలిపోయి ఇంట్లో సొరుగుల్లో పడుండేవి. కట్టిన డబ్బు కట్టినట్టే. 2005లో ఫ్లోరిడాలో వచ్చిన డైనింగ్ ప్లాను నా దృష్టిలో ఆ పుస్తకానికి మనవడు. రోజుకింత కట్టు, ఇన్ని భోజనాల క్రెడిట్లు తీసుకో. మొదట్లో టిప్పు, ముందు తినే స్టార్టరు కూడా అందులోనే ఉండేవి. 2008లో రెండూ తీసేశారు. 2020లో కరోనాతో ఆగిపోయి, 2024 జనవరిలో తిరిగొచ్చింది.

తిరిగొచ్చినప్పుడు చిన్న ప్లాను ధర పెద్దవాళ్ళకి రాత్రికి 57.01 డాలర్లు, పిల్లలకి 23.83. రెండు కౌంటర్ భోజనాలు, ఒక చిరుతిండి. మేం దిగింది బయట, వంటిల్లున్న హోటల్లో, కాబట్టి మాకా ప్లాను వర్తించదు. అయినా ఇంజనీరు బుద్ధి ఊరుకోదుగా! మేం ఆరుగురం. డిస్నీ లెక్కలో పదేళ్ళు నిండితే పెద్దవాళ్ళే. మా పెద్దాడికి పదేళ్ళు. అంటే ఐదుగురు పెద్దలు, ఒక పిల్ల. రాత్రికి 308.88 డాలర్లు, నాలుగు రాత్రులకి 1235.52. ఇందులో కిటుకు చూడండి. ఆ ధరలో 21 ఏళ్ళు దాటినవాళ్ళకి భోజనంతోపాటు మందు కూడా కలిసుంటుంది. మా నాన్న మందు ముట్టరు, అమ్మ మాంసం ముట్టదు. ఫ్లాట్ రేటు ఎప్పుడూ ఎక్కువ వాడేవాడికి లాభం, తక్కువ వాడేవాడికి నష్టం. శాకాహారం తిని మంచినీళ్ళు తాగే కుటుంబం పక్క టేబుల్ వాడి బీరుకి చందా ఇచ్చినట్టే!

చివరికి మా షీటులో ఆ గడిని మూడు ముక్కలు చేశాం. పొద్దున గదిలో ఉప్మానో, బ్రెడ్డో. మధ్యాహ్నం డబ్బా. ఫ్లోరిడా డిస్నీ పార్కుల్లోకి వేడిచెయ్యక్కర్లేని తిండి తీసుకెళ్ళొచ్చు, గాజు సీసాలు, మందు తప్ప. మంచునీళ్ళు కౌంటర్లో అడిగితే ఉచితంగా ఇస్తారు, సీసా కొనక్కర్లేదు. మొత్తం ప్రయాణంలో ఒక్కసారి మాత్రం టేబుల్ దగ్గర కూర్చుని భోజనం. దానికి మెనూ ధర మీద ఆరున్నర శాతం పన్ను, ఆరుగురు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే వాళ్ళే వేసేసే 18 శాతం టిప్పు ముందే కలిపి రాసుకున్నాం. అంటే నూటికి దాదాపు నూటపాతిక. మా ఆవిడ అంకెకే దగ్గరగా తేలింది, ఆ సంగతి ఆవిడ ఇప్పటికీ గుర్తుచేస్తుంది.

గేటు దగ్గర సెక్యూరిటీ అతను సంచీ తెరిచి, స్టీలు డబ్బా చూసి, "లంచ్?" అన్నాడు. అవునన్నాను. నవ్వి పంపేశాడు. అమ్మ నావైపు చూసింది, "చూశావా, ఏం నెప్పిలేదు" అన్నట్టు. ఆవిడకి షాంఘై అమ్మాయి కథ అప్పటికి నేను చెప్పలేదు.

మధ్యాహ్నం చెట్టునీడలో బెంచీ మీద కూర్చుని ఆరుగురం పులిహోర తిన్నాం. మా చిన్నది మాత్రం పక్కవాళ్ళ చేతుల్లో మిక్కీ ఆకారం ఐస్‌క్రీం చూసి అదే కావాలంది. నాన్న లేచి, ధర అడక్కుండా, ఇద్దరు పిల్లలకీ కొనుక్కొచ్చారు. షీటులో దానికి గడి లేదు. నేనూ చేర్చలేదు.