వంటింటి బల్ల మీద పుట్టిన ఆట

కంప్యూటర్ ఆట మాటెత్తితే చాలు, తల్లులకు ఒళ్లు మండుతుంది. "చదువూ లేదు, సంధ్యా లేదు, ఎప్పుడు చూడు ఆ ఆటేనా!" అన్న కేక వినబడని ఇల్లు అరుదు. అది మగపిల్లల వ్యసనమనీ, దాన్ని కనిపెట్టిన వాళ్లు కూడా ఏ ప్రయోగశాలలోనో కూర్చున్న కళ్లజోడు మగవాళ్లే అయివుంటారనీ మనకొక నమ్మకం. కానీ ఇంట్లో ఆడుకునే సాహసాల ఆటకు మొదటిసారిగా బొమ్మలు చేర్చి, ఇల్లే దుకాణంగా అమ్మి చూపించింది ఒక గృహిణి అంటే నమ్ముతారా? ఆవిడ పేరు రాబర్టా విలియమ్స్.

1953లో లాస్ ఏంజిలిస్‌లో పుట్టిన రాబర్టా, 19 ఏళ్లకే కెన్ విలియమ్స్‌ను పెళ్లాడింది. కెన్ కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే ఉద్యోగి. 1979 నాటికి వాళ్లకు ఇద్దరు మగపిల్లలు, చిన్నవాడు చంకబిడ్డ. ఆ రోజుల్లో కెన్ పని కోసం ఒక టెలిటైప్ యంత్రం ఇంటికి తెచ్చుకున్నాడు. చూడ్డానికి పెద్ద టైపు మిషన్‌లా ఉంటుంది, ఫోను తీగ ద్వారా ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్‌తో మాట్లాడుతుంది. ఆ కంప్యూటర్‌లో ఒక ఆట కనబడింది. దాని పేరు 'కొలాసల్ కేవ్', అంటే మహా గుహ అన్నమాట.

అందులో బొమ్మ అన్నదే లేదు. మీరు ఎక్కడున్నారో, ఎదుట ఏముందో యంత్రం మాటల్లో అచ్చు వేస్తుంది. మీరు "దీపం తీసుకో", "ఉత్తరానికి వెళ్లు" అని ఒకటి రెండు మాటలు కొడితే తర్వాత ఏం జరిగిందో చెబుతుంది. ఏడు సముద్రాల అవతల చిలుకలో ప్రాణం దాచుకున్న మాంత్రికుడి కథ వింటూ, మధ్యలో "ఇప్పుడు నువ్వేం చేస్తావు?" అని అడిగితే ఎలా ఉంటుంది? అలా ఉంటుంది ఆ ఆట. రాబర్టా అందులో పడిపోయింది. పసివాణ్ణి పట్టించుకోలేదనీ, వంట చేయబుద్ధి కాలేదనీ తర్వాత ఆవిడే చెప్పుకుంది. మన పిల్లల మీద మనం మోపే నేరం ఇదే కదా!

ఆ ఆట పుట్టుక వెనుకా ఒక ఇంటి కథే ఉంది. దాన్ని మొదట రాసిన విల్ క్రౌథర్, ఆయన భార్య ప్యాట్ ఇద్దరూ గుహలు గాలించేవాళ్లు. కెంటకీ రాష్ట్రంలో రెండు పెద్ద గుహల వరుసలు కలిసే దారిని 1972లో కనిపెట్టిన బృందంలో ప్యాట్ ఉంది. ఎవరికీ కొరుకుడు పడని ఒక ఇరుకు సందులోంచి దూరి, ఆ దారి జాడ పట్టింది సన్నగా ఉండే ఈవిడే. బురద అంటిన పుస్తకాల్లోని కొలతలను ఇంటి ముందు గదిలోని టెలిటైప్‌లోకి ఎక్కించిన చేతుల్లో ఈవిడవీ ఉన్నాయి. తర్వాత ఆ దంపతులు విడిపోయారు. దూరమైన కూతుళ్లను మురిపించడానికి విల్ ఆ గుహనే ఆటగా మలిచాడు. 1977లో స్టాన్‌ఫర్డ్‌లో డాన్ వుడ్స్ దాన్ని పెంచి పెద్దది చేశాడు. ఆ ఆటే రాబర్టా ఇంటి దాకా వచ్చింది.

ఆట గెలిచాక రాబర్టా ఊరుకోలేదు. వంటింటి బల్ల మీద కాగితాలు పరుచుకుని, ఒక పాత భవంతి, అందులో ఏడుగురు మనుషులు, ఒకరి తర్వాత ఒకరు హత్య కావడం, ఇలా ఒక చిక్కుముడి అల్లింది. అగాథా క్రిస్టీ నవలలు చదివిన మనిషి కదా మరి! మూడు వారాల్లో కథా, ఇంటి పటమూ సిద్ధం. ఒక సాయంత్రం భర్తను హోటల్‌కు తీసుకెళ్లి, భోజనం దగ్గర కథంతా వినిపించింది. మొదట పెద్దగా పట్టించుకోని కెన్, "మాటలే కాదు, బొమ్మలూ పెడదాం" అనేసరికి చెవి ఒగ్గాడు. ఆవిడ 70 బొమ్మలు గీసింది. వాటిని ఆపిల్ 2 కంప్యూటర్‌లో ఇమిడ్చే ప్రోగ్రాము ఆయన రాశాడు.

అదే 1980లో వచ్చిన 'మిస్టరీ హౌస్'. వెల 24 డాలర్ల 95 సెంట్లు. డిస్కును, అచ్చు కాగితాన్ని ప్లాస్టిక్ సంచీలో పెట్టి అమ్మారు. ఇంటి ఫోనే కంపెనీ ఫోను. ఆటలో ఎక్కడైనా చిక్కుకున్న వాళ్లు ఫోను చేస్తే, దారి చెప్పేది రాబర్టాయే. 10,000 ప్రతులకు పైగా అమ్ముడయ్యాయి.

"ప్రోగ్రాము రాసింది మొగుడైతే పేరు ఈవిడకెందుకు?" అనే వాళ్లు ఉంటారు. కథ ఆవిడది, పటం ఆవిడది, బొమ్మలు ఆవిడవి, చిక్కుముళ్లు ఆవిడవి. పొయ్యి ఎంత మంచిదైనా, వంట బాగుంటే మెచ్చుకునేది వండిన చేతినే కదా! కెన్ మాత్రం పేరు దగ్గర పేచీ పెట్టలేదు. కొన్నాళ్లకు ఆటల పెట్టెల మీద రాబర్టా పేరే అమ్మకపు ముద్ర అయింది.

దంపతులిద్దరూ యోసెమిటీ అడవుల దగ్గరి కొండ ఊళ్లకు మకాం మార్చారు. ఆ సియెరా కొండల పేరే 1982లో కంపెనీకి పెట్టుకున్నారు, 'సియెరా ఆన్‌లైన్' అని. దశ ఎప్పుడూ ఒక్కలా ఉండదు. 1983లో ఆటల వ్యాపారం కుప్పకూలి, చాలామందిని పనిలోంచి తీసేయాల్సి వచ్చింది. నిలబెట్టింది మళ్లీ రాబర్టా కథే. 1984లో 'కింగ్స్ క్వెస్ట్' వచ్చింది. ఐబీఎం తన కొత్త యంత్రం కోసం అడిగి చేయించుకున్న ఆట అది. ఆ యంత్రం ఏడాదికే మూలపడింది గాని, ఆట ఇతర యంత్రాల మీద బతికింది. చిన్ననాటి నుంచి ప్రాణంగా ప్రేమించిన జానపద కథలే ఆవిడ పెట్టుబడి. 1988లో వచ్చిన నాలుగో భాగంలో రాజకుమారుణ్ణి పక్కనపెట్టి, తండ్రి ప్రాణం కాపాడే రాజకుమార్తె రోసెల్లాను నాయికగా నిలిపింది. అప్పటి ఆటల్లో ఆడపిల్ల అంటే ఎవరో వచ్చి విడిపించాల్సిన బందీయే ఎక్కువ. రోసెల్లా మాత్రం తనే వెళ్లి తండ్రికి మందు తెచ్చింది.

1996లో సీయూసీ అనే పెద్ద సంస్థ దాదాపు వంద కోట్ల డాలర్ల విలువైన షేర్లు ఇచ్చి సియెరాను కొనేసింది. మరుసటి ఏడాదే కెన్ తప్పుకున్నాడు. 1998లో సీయూసీ లెక్కలు దొంగలెక్కలని బయటపడి షేర్లు నేలకు దిగాయి. 1999 ఫిబ్రవరిలో ఓక్‌హర్స్ట్ కొండ ఊళ్లో ఆటలు తయారుచేసే విభాగం మూతపడింది. ఆ చిన్న ఊళ్లో ఇల్లు కొనుక్కుని, పిల్లల్ని బడిలో వేసుకున్న కుటుంబాలు ఒక్క రోజులో దిక్కులు చూశాయి. వంటింట్లో పుట్టిన కంపెనీ, ఆ వంటిల్లే ఎరగని వాళ్ల చేతుల్లో పడి అలా చితికిపోయింది.

రాబర్టా, కెన్ పడవ కొనుక్కుని సముద్రాల మీద తిరిగారు. కానీ 2023లో, డెబ్బయ్యో పడిలో అడుగుపెడుతూ, ఆవిడ మరో ఆట విడుదల చేసింది. ఏదనుకున్నారు? 1979లో వంట మానిపించిన ఆ 'కొలాసల్ కేవ్'నే, ఈసారి అడుగడుగునా బొమ్మలతో!

పిల్లలు గంటల తరబడి ఆడుతుంటే కేకలేయండి, తప్పులేదు. కానీ ఒక్కసారి పక్కన కూర్చుని ఆ కథ ఏమిటో అడగండి. ఆ కథలు అల్లిన వాళ్లలో, కాగితాలు పరుచుకోవడానికి వంటింటి బల్ల తప్ప మరో చోటు లేని ఒక తల్లి కూడా ఉంది.