ఒక నిర్ణయాన్ని మార్చి చూద్దాం: మిరియోకెఫాలాన్ దండయాత్ర (1176)

“అలా జరగకపోయి ఉంటే?” అన్న ప్రశ్న చరిత్ర చదివే ప్రతి విద్యార్థికీ ఎప్పుడో ఒకప్పుడు కలుగుతుంది. ఈ ప్రశ్న నుంచి పుట్టేవే ప్రత్యామ్నాయ చరిత్ర కథలు. అలాంటి కథ కోసం ఒక దండయాత్ర పథకాన్ని ఎలా రూపొందించాలో ఈ భాగంలో తెలుసుకుందాం. ఇందులో నియమం ఒక్కటే. ఆనాటి పాలకుని ముందు నిజంగా ఉన్న ఒక నిర్ణయాన్ని మాత్రమే మీరు మార్చవచ్చు. దారులు, నీరు, పశుగ్రాసం, రుతువు, శత్రువు తెలివి యథాతథంగా ఉండాలి.

జరిగినది

1176లో బైజాంటైన్ చక్రవర్తి మొదటి మాన్యుయెల్ కొమ్నీనస్ సెల్జుక్ తురుష్కుల రాజధాని ఐకోనియంను (నేటి టర్కీలోని కొన్యా) పట్టుకోవడానికి బయలుదేరాడు. కోటగోడలను కూల్చే యంత్రాలు బండ్ల మీద సైన్యం వెంట సాగాయి. తురుష్కులు దారి పొడవునా పశుగ్రాసాన్ని నాశనం చేసి, నీటిని పాడుచేశారు. సైనికులు విరేచనాలతో నీరసించారు. సుల్తాన్ రెండవ కిలిజ్ అర్స్‌లాన్ సంధి కోరాడు. అనుభవజ్ఞులైన సేనానులు అంగీకరించమన్నారు. యువ ప్రభువులు వద్దన్నారు. చక్రవర్తి యువకుల మాటే విన్నాడు.

సెప్టెంబరు 17న సైన్యం ఇరుకైన కనుమలోకి ప్రవేశించింది. అది సుమారు 10 మైళ్ల పొడవున సాగిందని మాన్యుయెల్ ఇంగ్లండు రాజు రెండవ హెన్రీకి రాసిన లేఖలో చెప్పాడు. ముందుదళం కనుమ దాటింది. వెనుక వస్తున్న వారిపైకి, బండ్లపైకి తురుష్కులు కొండల మీది నుంచి విరుచుకుపడ్డారు. బండ్లు దారికి అడ్డం పడటంతో వెనుకవారు ముందుకు పోలేక, వెనక్కి తిరగలేక చిక్కుకున్నారు. ముట్టడి యంత్రాలు నాశనమయ్యాయి. చివరకు మాన్యుయెల్ సంధికి ఒప్పుకున్నాడు.

మార్చి చూస్తే

మాన్యుయెల్ ముందు మూడు మార్గాలు ఉన్నాయి: సంధికి ఒప్పుకోవడం, వేగులను పంపి కొండలను ముందే ఆక్రమించడం, బండ్లను వెనుక ఉంచి సైన్యాన్ని మాత్రమే నడిపించడం. మనం రెండవది తీసుకుందాం. ఇది కొత్త ఆలోచన కాదు. కనుమల్లో జాగ్రత్తల గురించి బైజాంటైన్ యుద్ధతంత్ర గ్రంథాలు అంతకు ముందే హెచ్చరించాయి.

యంత్రాలు కనుమ దాటాయనుకోండి. సైన్యం ఐకోనియం చేరేసరికి సెప్టెంబరు చివరి రోజులు వస్తాయి. ముట్టడికి వారాలు పట్టవచ్చు. మేత లేదు, సైనికుల్లో జబ్బు తగ్గలేదు, పీఠభూమి మీద చలికాలం దగ్గరపడుతోంది. కాబట్టి ఈ మార్పు ఓటమిని తప్పించవచ్చు గాని, గెలుపును ఖాయం చేయదు. గెలుపు కావాలంటే యాత్ర ఇంకా ముందే మొదలు కావాలి. అది వేరే నిర్ణయం, వేరే కథ.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఈ ఓటమితో బైజాంటైన్ సైన్యం పూర్తిగా నశించలేదు. మరుసటి ఏడాదే అది మియాండర్ లోయలో తురుష్కులను ఓడించింది. సామ్రాజ్యం కోల్పోయింది ఐకోనియంను పట్టుకునే అవకాశాన్ని. మీ కథ ఈ తేడాను గుర్తించకపోతే, ఒక్క యుద్ధమే సామ్రాజ్యం తలరాతను మార్చిందన్న తేలిక తీర్మానంలో పడిపోతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. యంత్రాల బండ్లు సైన్యానికి బలమా, బలహీనతా? కారణాలు రాయండి.

2. మాన్యుయెల్ సంధికి ముందే ఒప్పుకొని ఉంటే ఏమి దక్కేది, ఏమి పోయేది? పది వాక్యాలలో చర్చించండి.